నీళ్ల ట్యాంకున్న హీట్ పంప్ డ్రయర్: విశాఖ ఫ్లాట్లకు సరిపోతుందా, ట్యాంకులో పేరుకునే లింట్‌తో ఎలా వేగాలి

విశాఖలో డ్రయర్ కొనాలా వద్దా అన్న చర్చ ఏటా జూన్‌లో మొదలై నవంబర్ దాకా సాగుతుంది. నైరుతి వానలు తెరిపిచ్చాయనుకునేలోపే బంగాళాఖాతంలో వాయుగుండాలు తయారవుతాయి. వాన లేని రోజుల్లోనూ లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు సముద్రపు గాలిలో చెమ్మ తగ్గదు. పొద్దున్న ఆరేసిన టర్కీ టవల్ సాయంత్రం తీస్తే అంచులు ఇంకా చల్లగానే తగులుతాయి, మర్నాటికి ముక్కవాసన పట్టేస్తుంది. వన్‌టౌన్ వాళ్ల ఇబ్బంది వేరు. పోర్టు నుంచి వచ్చే బొగ్గు పొడికి తెల్లబట్టలు బాల్కనీలో ఆరేయడానికి జంకుతారు.

ఈ సమీక్ష ఏదో ఒక్క మోడల్ గురించి కాదు. నీళ్ల ట్యాంకుతో వచ్చే 8, 9 కిలోల హీట్ పంప్ డ్రయర్లన్నిటినీ కలిపి చూస్తున్నాం. బట్టలు ఆరబెట్టడంలో వీటి మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా లింట్ (బట్టల నూగు) దగ్గరే వస్తుంది. మా తీర్పు ముందే చెప్పేస్తాం: కొనుక్కోవచ్చు. కానీ డ్రమ్ము ఎన్ని కిలోలు, ప్రోగ్రాములు ఎన్ని, వైఫై ఉందా అన్నవి పక్కన పెట్టి, బట్టల నుంచి రాలిన నూగు మిషన్లో ఎక్కడెక్కడ ఆగుతుందో, ఆగినచోటికి మన చెయ్యి పోతుందో లేదో చూసి కొనాలి. ఐదేళ్ల తర్వాత ఆ మిషన్ ఎలా ఉంటుందో తేల్చేది అదే.

ఏ రకం తీసుకోవాలి

మార్కెట్లో మూడు రకాలున్నాయి. వెంటెడ్ డ్రయర్‌లో హీటర్ గాలిని వేడిచేస్తుంది, ఆ గాలి బట్టల్లోంచి తేమ తీసుకుని సుమారు 4 అంగుళాల గొట్టం గుండా బయటికి పోతుంది. ధర తక్కువ, లోపల చిక్కుముడులు తక్కువ, నీళ్ల ట్యాంకు ఉండదు. గోడకో కిటికీకో రంధ్రం పెట్టుకోగలిగితే మంచిదే. గొట్టం పెట్టకుండా వాష్ ఏరియాలోనే వదిలేస్తే మాత్రం గదంతా ఆవిరి, గోడలకు బూజు.

రెండోది మామూలు కండెన్సర్ రకం. తడిగాలిని చల్లబరచడానికి గదిలోని గాలినే వాడుకుంటుంది. గది చల్లగా ఉంటేనే దానికి బలం. మే నెలలో వాష్ ఏరియా 36, 37 డిగ్రీలు ఉన్నప్పుడు నీళ్లు సరిగా దిగవు, టైం సాగుతుంది, గది ఇంకా ఉడికిపోతుంది. 8 కిలోల పూర్తి లోడుకు 4 నుంచి 4.5 యూనిట్ల కరెంటు లాగుతుంది. మన ఊరికి ఇది వద్దు.

మూడోది హీట్ పంప్. లోపల ఏసీలో ఉన్నట్టే కంప్రెసర్, ఒక చల్లటి కాయిల్, ఒక వేడి కాయిల్ ఉంటాయి. డ్రమ్ములోంచి వచ్చిన తడిగాలి చల్లటి కాయిల్‌కు తగిలి నీళ్లు వదిలేస్తుంది, వేడి కాయిల్ మీదుగా మళ్లీ డ్రమ్ములోకి పోతుంది. అదే లోడుకు దాదాపు 2 యూనిట్లు చాలు. 2024-25 టారిఫ్‌లో నెలకు 400 యూనిట్లు దాటినవాళ్లకు యూనిట్ 9.75 రూపాయలు. ఆ లెక్కన ఒక లోడుకు హీట్ పంప్‌తో దాదాపు 20 రూపాయలు, మామూలు కండెన్సర్‌తో 39 నుంచి 44 రూపాయలు. వేడి కూడా తక్కువ కాబట్టి బట్ట తొందరగా పాడవదు. బదులుగా పూర్తి లోడుకు రెండున్నర నుంచి మూడున్నర గంటలు పడుతుంది. ఆ వేచి ఉండటం ఇష్టం లేనివాళ్లకు ఇది నచ్చదు.

లింట్ ట్యాంకులోకి ఎలా వస్తుంది

తలుపు దగ్గర జాలీ ఫిల్టర్ ఉండగా నీళ్ల ట్యాంకులో నూగు ఎందుకు తేలుతోందని చాలామంది అడుగుతారు. దారి తెలిస్తే జవాబు తేలికే.

డ్రమ్ములో దొర్లుతున్న బట్టల నుంచి రాలిన పీచులో ఎక్కువ భాగం తలుపు ఫిల్టర్‌లో చిక్కుతుంది. మెత్తటి పొడి మాత్రం ఆ జాలీలోంచి దూరి పోతుంది. పోయి చల్లటి కాయిల్ మీద పడుతుంది. కాయిల్ అల్యూమినియం రేకులు ఒకదాని పక్కన ఒకటి దగ్గర దగ్గరగా పేర్చినట్టుంటుంది, మధ్యలో సన్నటి సందులే. అక్కడ ఎప్పుడూ తడే. తడి రేకుకు తగిలిన నూగు అక్కడే అంటుకుంటుంది. కొంత కారే నీటితో పాటు కిందికి జారి అడుగున ఉన్న చిన్న తొట్టిలో పడుతుంది. ఆ తొట్టిలో ఒక చిన్న పంపు, నీటి మట్టం చూసే ఫ్లోట్ ఉంటాయి. నీళ్లు పెరగగానే పంపు వాటిని పైకి, అంటే ఎడమ మూలన సొరుగులా కనిపించే ట్యాంకులోకి తోస్తుంది. నీటితో పాటు నూగూ పైకి చేరుతుంది.

"సెల్ఫ్ క్లీనింగ్ కండెన్సర్" అని రాసి ఉన్న మోడళ్లలో ఇంకో మెలిక ఉంది. ఆ మిషన్లు బట్టల్లోంచి పిండిన నీటినే మధ్యమధ్యలో కాయిల్ మీద జోరుగా వదిలి నూగును కడిగేస్తాయి. ఆలోచన చాలా బాగుంది, పనిచేస్తుంది కూడా. కానీ కడిగిన నూగు మాయమైపోదు. కాయిల్ మీద నుంచి తొట్టిలోకి, తొట్టిలోంచి ట్యాంకులోకి మారుతుంది, అంతే. అందుకే బాష్ లాంటి సెల్ఫ్ క్లీనింగ్ మిషన్ల ట్యాంకులోనే ఒక చిన్న ఫిల్టర్ ఇస్తారు. తిరిగి కాయిల్ మీదికి వెళ్లే నీటిని అది వడగడుతుంది. షోరూమ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. "దీనికి క్లీనింగే అక్కర్లేదు సార్" అంటారు. ఆ మాట నమ్మి ఏడాది పాటు ట్యాంకు ఫిల్టర్ బయటికే తీయకపోతే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయాల్సి రావచ్చు.

మీలే కంపెనీ మిషన్ల పద్ధతి వేరు. కింద పీఠం దగ్గర కాయిల్‌కు ముందు ఇంకో మెత్తటి ఫిల్టర్ పెట్టి, దాన్ని మనమే తీసి కడుక్కోమంటారు. పని ఒకటి ఎక్కువ, కానీ ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది. ఈ రెండు దారుల్లో ఏది మేలంటే, నెలకోసారి పది నిమిషాలు ఓపిక పట్టగల ఇంటికి చెయ్యి పెట్టి శుభ్రం చేసుకునేదే మేలని మా అభిప్రాయం. అంత తీరిక లేనివాళ్లకు సెల్ఫ్ క్లీనింగ్ సరిపోతుంది, ట్యాంకును మాత్రం వదలకూడదు.

ట్యాంకు నీళ్లు చూస్తే ఏం తెలుస్తుంది

ట్యాంకును నేరుగా సింకులో ఒంపేయకండి. వారానికి ఒక్కసారైనా తెల్ల బకెట్లోనో స్టీలు గిన్నెలోనో ఒంపి చూడండి. మిషన్ ఆరోగ్యం మొత్తం అందులో కనిపిస్తుంది.

నీళ్లు తేటగా ఉండి అడుగున చిటికెడు బూడిదరంగు పొడి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. నీళ్లలో దూది పింజల్లాంటి ముక్కలు తేలుతుంటే తలుపు ఫిల్టర్ దగ్గర లోపం ఉంది. జాలీ చిరిగి ఉండాలి, లేదా రెండు పొరల ఫిల్టర్ సరిగా మూసుకోక పక్కన సందు మిగిలి ఉండాలి, లేదా ఫిల్టర్ కూర్చునే గాడిలోని ఫెల్ట్ పట్టీ ఊడి ఉండాలి. జాలీని ట్యూబ్‌లైట్ ఎదురుగా పట్టుకుని చూస్తే సూదిమొన అంత చిల్లు కూడా తెలుస్తుంది. చిల్లు పడితే టేపు అతికించి లాభం లేదు, ఫిల్టర్ మార్చాల్సిందే.

నీళ్లు జిడ్డుగా, ట్యాంకు గోడలు వేలికి జారుతున్నట్టు ఉంటే కారణం ఫ్యాబ్రిక్ కండిషనరో, సరిగా జాడించని డిటర్జెంటో. ఇక నల్లటి లేదా ఆకుపచ్చటి మరకలు, చెరువు వాసన ఉంటే నీళ్లు రోజుల తరబడి ట్యాంకులోనే నిలవ ఉన్నాయని. మన వాతావరణంలో ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఇది చాలా త్వరగా జరుగుతుంది.

నీళ్ల కొలత కూడా ఒక పరీక్షే. పిండిన బట్టలను మిషన్లో వేసేముందు బకెట్‌తో సహా తూచండి, ఆరాక మళ్లీ తూచండి. తేడా 3 కిలోలైతే 3 లీటర్ల నీళ్లు బట్టల్లోంచి బయటికి వచ్చినట్టు. 2025 జూలైకి ముందున్న పాత యూరప్ లేబుల్ ప్రకారం కండెన్సేషన్ 'ఎ' తరగతి మిషన్ అయితే 90 శాతం పైగా నీటిని పట్టుకోవాలి, 'బి' అయితే 80 పైన. అంటే 3 లీటర్లకు ట్యాంకులో 2.7 దాకా కనిపించాలి. తొట్టిలో కాస్త మిగిలిపోతుంది కాబట్టి 2.5 వచ్చినా దిగులు లేదు. 2 కూడా రాలేదంటే మిగతా ఆవిరంతా గదిలోకి పోతోంది. తలుపు రబ్బరు, కాయిల్ మూత రబ్బరు, వాటి అంచుల్లో ఇరుక్కున్న లింట్ చూడాలి.

ట్యాంకు కడిగే పద్ధతి

ముందు మిషన్ ఆపి ప్లగ్ పీకండి. ట్యాంకును రెండు చేతులతో, ముందు భాగం కాస్త పైకెత్తి, నేరుగా మీ వైపుకు లాగండి. నిండు ట్యాంకు 4, 5 కిలోలుంటుంది. ఒంటి చేత్తో లాగితే నీళ్లు ప్యానెల్ మీద ఒలుకుతాయి.

నీళ్లను టీ వడకట్టే జాలీ గుండానో పాత పలచటి గుడ్డ గుండానో ఒంపండి. లింట్ నేరుగా బాత్రూం జాలీలోకి పోతే సబ్బు, వెంట్రుకలతో కలిసి గట్టిపడి ట్రాప్‌ను మూసేస్తుంది. వడకట్టిన ముద్దను ఆరనిచ్చి పొడిచెత్తలో వేయాలి.

ట్యాంకులో ఫిల్టర్ ఉంటే దాన్ని బయటికి లాగండి. కొన్నిటిలో క్లిప్పు నొక్కితే వస్తుంది, కొన్నిటిలో మూతతో పాటే ఊడుతుంది. పారే గోరువెచ్చటి నీటి కింద, నీళ్లు సాధారణంగా వెళ్లే దిక్కుకు ఎదురుదిక్కు నుంచి కొట్టాలి. ముందు వైపు నుంచే కడిగితే నూగు జాలీలోకి ఇంకా దిగిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి.

ట్యాంకులో లీటరు గోరువెచ్చటి నీళ్లు, రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, నోరు మూసి బాగా కుదపండి. పాల సీసాలు కడిగే పొడుగాటి బ్రష్ మూలల్లోకి పోతుంది. రెండు మూడుసార్లు మంచినీళ్లతో, నురగ ఒక్క బుడగ కూడా మిగలకుండా జాడించండి. సబ్బు మిగిలితే అది తొట్టిలోకి దిగి నురగ కడుతుంది, ఫ్లోట్ తప్పు మట్టం చూపిస్తుంది. నీళ్లు పైకి చేరే చిన్న రంధ్రాన్ని మర్చిపోకండి. ట్యాంకు పైభాగాన వేలి లావు కూడా లేని ఆ నోటి చుట్టూ నూగు చాపలా అల్లుకుంటుంది. ఇయర్‌బడ్‌తో చుట్టూ తిప్పితే ఊడి వస్తుంది.

మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ వంకర పోతే ట్యాంకు గాడిలో కూర్చోదు. బ్లీచింగ్, బాత్రూం యాసిడ్, హార్పిక్ ఏవీ వాడొద్దు. ట్యాంకు నీళ్లు తిరిగి కాయిల్ మీదికి వెళ్లే మోడళ్లలో అవి అల్యూమినియం రేకులను తినేస్తాయి. అసలే ఉప్పుగాలి ఊరు, లోహానికి మనం కూడా తోడై చెరుపు చేయనక్కర్లేదు.

నీళ్లు ప్రతి లోడు తర్వాతా ఒంపేయాలి. ఉత్తి నీళ్లతో జాడించడం వారానికోసారి. పైన చెప్పిన పూర్తి కడుగుడు నెలకోసారి, వానాకాలంలో రోజూ మిషన్ వేసే ఇళ్లలో పదిహేను రోజులకోసారి. ఊరెళ్లేటప్పుడు ట్యాంకును బోర్లించి ఆరబెట్టి, సొరుగును సగం తెరిచి వెళ్లండి, మిషన్ తలుపు కూడా ఓరగా వదిలేయండి.

ట్యాంకు ఖాళీగా ఉన్నా "ట్యాంకు నిండింది" లైటు వెలిగితే

తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. మిషన్ పాడైపోయిందని భయపడతారు. చాలా మోడళ్లలో ట్యాంకు నిండిందో లేదో మిషన్ నేరుగా చూడదు. ట్యాంకు నిండితే పైన పట్టని నీళ్లు పొర్లి తిరిగి కింది తొట్టిలోకి వస్తాయి, తొట్టిలో ఫ్లోట్ పైకి లేస్తుంది, దాన్ని బట్టి లైటు వెలుగుతుంది. కాబట్టి లైటు చెప్పేది "తొట్టిలో నీళ్లు దిగడం లేదు" అని మాత్రమే. ట్యాంకు నోటి దగ్గర లింట్ అడ్డుపడి నీళ్లు లోపలికి పోక పొర్లినా, ట్యాంకును చివరిదాకా నెట్టకపోయినా, గొట్టం మడతపడినా, తొట్టిలో లింట్ ముద్ద పంపు రెక్కకు చుట్టుకున్నా, ఫ్లోట్ జిడ్డుకు అతుక్కుపోయినా అదే లైటు.

తేల్చుకునే తీరు ఇది. ట్యాంకు, దాని ఫిల్టర్, పై రంధ్రం కడిగి, క్లిక్‌మనే దాకా నెట్టండి. తడిపి బాగా పిండిన టవళ్లు రెండు వేసి 30 నిమిషాల టైమ్ ప్రోగ్రాం పెట్టండి. చెవి ఒగ్గి వింటే మధ్యమధ్య కొన్ని క్షణాలు పంపు గుర్రుమంటుంది. పంపు శబ్దం వస్తూ ట్యాంకులో నీళ్లు పడుతుంటే సమస్య తీరినట్టే. శబ్దం వస్తోంది, ట్యాంకు ఎండుగానే ఉందంటే గొట్టంలోనో పంపు రెక్క దగ్గరో లింట్ ఉంది. శబ్దమే లేకుండా లైటు వెలిగితే పంపు బిగుసుకుపోయి ఉండాలి, లేదా వైరింగ్ సంగతి. చివరి రెండు సందర్భాల్లో టెక్నీషియన్‌ను పిలవాల్సిందే. చాలా మోడళ్లలో పంపు వెనక పలక విప్పితేనే కనిపిస్తుంది. తొట్టిలో నీళ్లు ఒంపడానికని మిషన్‌ను పక్కకు వాల్చేయకండి. నీళ్లు ఎలక్ట్రానిక్ బోర్డు మీదికి పోవచ్చు, కంప్రెసర్ ఆయిల్ కూడా పైపుల్లోకి జారుతుంది. ఏ కారణంగానైనా వాల్చాల్సి వస్తే నిలబెట్టాక కనీసం రెండు గంటలు ఆన్ చేయకూడదు. మాన్యువల్‌లో అంతకన్నా ఎక్కువ రాసి ఉంటే అదే పాటించాలి.

కాయిల్ దగ్గర జాగ్రత్తలు

కింద తలుపు తెరిస్తే కాయిల్ కనిపించే మోడళ్లలో, రేకుల మీద బూడిదరంగు దుప్పటిలా నూగు పరుచుకుని ఉంటే వాక్యూమ్ క్లీనర్‌కు మెత్తటి బ్రష్ తగిలించి పై నుంచి కిందికి మాత్రమే తీయండి. అడ్డంగా తోమితే రేకులు వంగి సందులు మూసుకుపోతాయి. వంగిన రేకు గాలిని ఆపేస్తుంది, ఆ నష్టం లింట్ కన్నా ఎక్కువ. రేకుల అంచులు బ్లేడులా కోస్తాయి, చేతికి గ్లౌజు లేకుండా ముట్టుకోవద్దు. స్క్రూడ్రైవర్, పిన్నీసు, పుల్ల ఏదీ దూర్చవద్దు. ఇప్పటి హీట్ పంప్ డ్రయర్లలో చాలావాటిలో ఆర్290, అంటే ప్రొపేన్ గ్యాస్ ఉంటుంది. పైపుకు చిల్లు పడితే అది మండే గ్యాస్. వీధి చివరి ఏసీ మెకానిక్‌తో కాయిల్ కడిగించాలనుకునేవాళ్లు ముందు వెనకున్న లేబుల్ మీద గ్యాస్ పేరు చదవండి. ఆర్290 అయితే దాని మీద శిక్షణ ఉన్న కంపెనీ టెక్నీషియనే చేయాలి.

కాయిల్ మూసుకుపోతోందని మిషన్ ముందే చెబుతుంది. ఎప్పుడూ వేసే లోడుకు పట్టే టైం అరగంట పెరుగుతుంది, ట్యాంకులో నీళ్లు తగ్గుతాయి, బట్టలు వేడిగా ఉన్నా మడతల్లో చెమ్మ మిగులుతుంది.

లింట్ పుట్టేచోటే తగ్గించడం

ట్యాంకు ఎంత కడిగినా, వచ్చే నూగు తగ్గకపోతే పని తప్పదు. కొత్త టర్కీ టవళ్లు, కొత్త దుప్పట్లు మొదటి నాలుగైదు ఉతుకుల్లో విపరీతంగా రాలుస్తాయి. వాటిని విడిగా ఉతికి విడిగా ఆరబెట్టండి, ఆ లోడు మధ్యలో ఒకసారి ఆపి తలుపు ఫిల్టర్ తుడవండి. జేబుల్లో మిగిలిన టిష్యూ కాగితం ఒక్కటి చాలు, ట్యాంకు నిండా తెల్లటి గుజ్జు తేలుతుంది. కుక్క గానీ పిల్లి గానీ ఉన్న ఇంట్లో బట్టలను వేసేముందు ఒక్కసారి బయట దులపాలి.

టాప్ లోడ్ వాషింగ్ మిషన్ ఉన్నవాళ్లకు ఒక లాభం, ఒక నష్టం. డ్రమ్ము గోడకు ఉండే లింట్ సంచి నూగును కొంత ముందే పట్టేస్తుంది, దాన్ని ప్రతిసారీ ఖాళీ చేస్తేనే సుమా. నష్టం ఏమిటంటే స్పిన్ నిమిషానికి 700 చుట్ల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. బట్టల్లో నీళ్లు ఎక్కువ మిగులుతాయి. ఫ్రంట్ లోడ్‌లో 1000 చుట్ల దగ్గర పొడిబట్ట బరువులో సుమారు 60 శాతం నీళ్లు ఉంటాయి, 1400 దగ్గర 50 శాతం. 8 కిలోల నూలు బట్టలకు 60 శాతమంటే 4.8 లీటర్లు, చాలా ట్యాంకుల హద్దు అదే. టాప్ లోడ్ నుంచి తీసిన 8 కిలోలు వేస్తే ట్యాంకు మధ్యలోనే నిండి మిషన్ ఆగిపోతుంది. అలాంటివాళ్లు 5 కిలోలు మించకుండా వేసుకోవాలి.

ఫ్యాబ్రిక్ కండిషనర్ మానేస్తే మంచిది, మానలేకపోతే మూతలో సగమే పోయండి. అది బట్ట మీదే కాదు, తలుపు ఫిల్టర్ జాలీ మీద కూడా కంటికి కనిపించని పొర కడుతుంది. జాలీ మీద గ్లాసుడు నీళ్లు పోసి చూడండి. వెంటనే కిందికి జారిపోతే బాగున్నట్టు. గుంటలా నిలబడితే పొర కట్టినట్టు. గిన్నెల లిక్విడ్‌తో టూత్‌బ్రష్ పెట్టి రుద్ది, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. తడి జాలీ పెడితే నూగు దానికే పేస్టులా అతుక్కుంటుంది. బోరు నీళ్ల అపార్ట్‌మెంట్లలో ఇంకొకటి చూడాలి. ఆ ఉప్పులు డ్రమ్ము ముందున్న రెండు లోహపు పట్టీల మీద, అంటే తేమ సెన్సర్ మీద, పొరలా పేరుకుంటాయి. సెన్సర్ తడిని గుర్తించక బట్టలు సగం ఆరగానే ప్రోగ్రాం ముగిసిపోతుంది. వెనిగర్‌లో కాస్త తడిపిన గుడ్డతో నెలకోసారి తుడిచి, తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడిస్తే చాలు.

నూనె అంటిన బట్టలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. చంటిపిల్లకు నువ్వులనూనె రాసి తుడిచిన గుడ్డలు, కొబ్బరినూనె ఇంకిన దిండు గలీబులు, వంటింటి మసిగుడ్డలు ఒక ఉతుకుతో పూర్తిగా వదలవు. మిగిలిన నూనె వేడికి గాలితో కలిసి తనంత తానే ఇంకా వేడెక్కుతుంది, పక్కన ఎండు లింట్ ఉంటే నిప్పంటుకునే ప్రమాదం నిజంగానే ఉంది. ప్రోగ్రాం చివర చల్లబరిచే పది నిమిషాలను ఓపిక లేక ఆపేసి, వేడి బట్టలను కుప్పగా వదిలేయకూడదన్నది కూడా ఇందుకే. పట్టుచీరలు, జరీ, పొందూరు ఖద్దరు డ్రయర్‌కు పంపొద్దు.

ట్యాంకు నీళ్లు దేనికి వాడొచ్చు

డిస్టిల్డ్ వాటరే కదా అని ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేవాళ్లున్నారు. దయచేసి వద్దు. ఆవిరిగా మారి దిగిన నీళ్లే అయినా నూగు, డిటర్జెంట్, లోహపు జాడలు కలిసి ఉంటాయి, బ్యాటరీ ప్లేట్లు పాడవుతాయి. స్టీమ్ ఐరన్‌లో పోస్తే సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, తెల్లచొక్కా మీద గోధుమరంగు మచ్చ పడుతుంది. తాగడానికి, వంటకు, కూరమొక్కలకు పనికిరావు. వడకట్టి బాత్రూం కడగడానికి, టాయ్‌లెట్‌లో పోయడానికి, ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఎక్కడ పెట్టాలి, షోరూమ్‌లో ఏం చూడాలి

మాన్యువల్స్‌లో సాధారణంగా 5 నుంచి 35 డిగ్రీల గదిలో వాడమని రాస్తారు. పడమర ఎండ పడే బాల్కనీలో మే నెల మధ్యాహ్నం అది దాటిపోతుంది. తెల్లవారుజామునో రాత్రో వేసుకోండి. సముద్రానికి ఎదురుగా గ్రిల్ మాత్రమే ఉన్న బాల్కనీలో పెట్టడం కన్నా ఇంటి లోపల, కిటికీ తెరిచే వీలున్న చోట పెట్టడం నయం. ఉప్పుగాలికి ప్లగ్ పిన్నులు, వెనక స్క్రూలు ముందు తుప్పు పడతాయి. ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్‌కు నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు.

వాషింగ్ మిషన్ మీద ఎక్కించేవాళ్లు ఒకటి ఆలోచించాలి. రెండూ కలిపి 170 సెంటీమీటర్ల ఎత్తు, ట్యాంకు సొరుగు దాదాపు 160 దగ్గర వస్తుంది. పెద్దవాళ్లు ఆ ఎత్తు నుంచి 4 కిలోల నీళ్లు దించడం కష్టం. అలాంటప్పుడు డ్రెయిన్ గొట్టం బిగించే వీలున్న మోడల్ తీసుకుని నీటిని నేరుగా సింకులోకో ఫ్లోర్ ట్రాప్‌లోకో వదిలేయండి. గొట్టం కొస నిలవనీటిలో మునగకూడదు, మురికి నీళ్లు వెనక్కి లాక్కుంటాయి. గొట్టం పెట్టినా లింట్ పోదు, గొట్టం కొస దగ్గర చేరుతుంది. రెండు నెలలకోసారి విప్పి కుళాయి నీళ్లు కొట్టండి.

ఆశీల్‌మెట్ట, డాబాగార్డెన్స్, ద్వారకానగర్ షోరూముల్లో డెమో పీస్ దొరికితే ట్యాంకును మీ చేత్తో లాగి చూడండి. లోపల విడదీసే ఫిల్టర్ ఉందా, మీ చెయ్యో బ్రష్షో మూలల దాకా పోతుందా, తలుపు ఫిల్టర్ రెండు పొరలా ఒక పొరా, కాయిల్‌కు ముందు నుంచి తలుపు ఉందా లేదా చూడండి. ట్యాంకు ఫిల్టర్, తలుపు ఫిల్టర్ విడిగా దొరుకుతాయా, విశాఖలోనే స్టాకు ఉంటుందా, తెప్పించాల్సి వస్తే ఎన్నాళ్లని అడగండి. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలతో రాసినా, లింట్ వల్ల మూసుకున్న పంపును శుభ్రం చేయడం వారంటీలో వస్తుందో రాదో రాతపూర్వకంగా అడగాలి. వాడకంలో లోపమంటూ ఇలాంటి వాటికి డబ్బు తీసుకోవడం మామూలే.

నలుగురైదుగురుండి, వారానికి నాలుగైదు లోడ్లు పడే ఇంటికి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంటికి, ముందు నుంచి కాయిల్ తలుపు, ట్యాంకులో విడి ఫిల్టర్, డ్రెయిన్ గొట్టం మూడూ ఉన్న హీట్ పంప్ డ్రయర్‌ను ధైర్యంగా తీసుకోమంటాం. మూడూ ఒకే మిషన్లో దొరక్కపోతే కాయిల్ తలుపుకే మొదటి ఓటు. ఇద్దరే ఉండి, డాబా మీద రేకుల కింద తీగ కట్టుకునే వీలున్నవాళ్లకు దీని అవసరం లేదు. మంచి స్పిన్ ఉన్న ఫ్రంట్ లోడ్, ఒక ఫ్యాను ఉంటే వానాకాలం గడిచిపోతుంది.